ఖిదిర్‌పూర్‌లో మొదలైన యంత్రపు అల్లిక

పడుగు, పేక పోగులు ఒకదానినొకటి దాటుతూ సాగితే అది నేత. ఒకే పోగును ఉచ్చులుగా మలచి, ఒక ఉచ్చులోంచి మరొక ఉచ్చును లాగితే అది అల్లిక. ఉచ్చులు తమ ఆకారం మార్చుకోగలవు. అందువల్లనే బనియను ఒంటికి అమరినట్లు సాగి, తిరిగి యథాస్థితికి వస్తుంది. ఈ అల్లికను యంత్రంపై చేసే తొలి భారతీయ కర్మాగారం 1893లో కోల్‌కతాలోని ఓడరేవు ప్రాంతం ఖిదిర్‌పూర్‌లో వెలిసింది.

ఈ యంత్రానికి ఆద్యుడు ఇంగ్లండులోని కాల్వర్టన్‌కు చెందిన విలియం లీ. ఆయన 1589లో మేజోళ్లు అల్లే చట్రాన్ని రూపొందించారు. చేతి అల్లికతో బతికే పేదల ఉపాధి పోతుందన్న భయంతో ఎలిజబెత్ రాణి దానికి పేటెంటు నిరాకరించారని చెబుతారు. లీ ఫ్రాన్సుకు వెళ్లి, అక్కడే కన్నుమూశారు. 1849లో మాథ్యూ టౌన్‌సెండ్ కొక్కెం వద్ద చిన్న నాలుక గల సూదికి పేటెంటు పొందారు. సూది పైకి లేచినప్పుడు పాత ఉచ్చు నాలుకను తెరుస్తుంది. దిగేటప్పుడు కొక్కెం కొత్త పోగును పట్టుకోగా, పాత ఉచ్చు నాలుకను మూసి, దానిపై నుంచి జారిపోతుంది. నేటి యంత్రాల్లోనూ ఈ సూది విస్తృతంగా వాడుకలో ఉంది.

1905లో బెంగాల్ విభజనకు నిరసనగా స్వదేశీ ఉద్యమం విదేశీ వస్త్రాల బహిష్కరణకు పిలుపునిచ్చింది. దానితో దేశీయ వస్త్రాలకు ఆదరణ పెరిగింది. బనియనును బెంగాలీలు ‘గెంజి’ అంటారు. అల్లిక దుస్తులకు పేరొందిన గెర్న్‌సీ దీవి పేరు నుంచి ఆ మాట వచ్చింది.

యంత్రం అల్లినా పనివాడి నేర్పు తప్పనిసరి. గుండ్రటి యంత్రంలో వందలాది సూదులుంటాయి. ఒక్క కొక్కెం విరిగినా బట్ట పొడవునా నిలువు చార పడుతుంది. పోగు బిగువు పెరిగితే ఉచ్చులు చిన్నవై బట్ట బిరుసెక్కుతుంది, తగ్గితే వదులవుతుంది. లోపాన్ని తొలి గజాల్లోనే పసిగట్టకపోతే నూలు, శ్రమ రెండూ వృథా.

కాలక్రమంలో తమిళనాడులోని తిరుప్పూర్ దేశంలోనే అతిపెద్ద అల్లిక వస్త్ర కేంద్రంగా ఎదిగింది. అయినా దేశమంతటా అమ్ముడయ్యే పలు బనియను సంస్థల ప్రధాన కార్యాలయాలు నేటికీ కోల్‌కతాలోనే ఉన్నాయి. ఎలిజబెత్ రాణి శంకించిన యంత్రమే ఈ రెండు నగరాల్లో వేలాది కుటుంబాలకు జీవనాధారమైంది.