తర్వాతి బంకు... 365 కిలోమీటర్లు!

స్కూటరు నడిరోడ్డు మీద ఆగిపోతే మనకేం కంగారుండదు. రిజర్వ్‌కి తిప్పుతాం. అదీ అయిపోతే బండిని ఓ పక్కకు వంచి, ట్యాంకు మూలన దాక్కున్న గుక్కెడు పెట్రోలుతో బంకు దాకా లాగించేస్తాం. అంతగా అయితే నాలుగడుగులు తోస్తాం. మరి ఆ బంకు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటే? చుట్టూ మంచుకొండలో, ఇసుక తిన్నెలో తప్ప మనిషన్నవాడు కనిపించకపోతే? అలాంటి దారుల్లో ప్రాణాలు నిలబెట్టేది బండి వెనకాల కట్టుకెళ్లే ఓ ఇనుప డబ్బా. ఏమాత్రం ఏమరుపాటుగా ఉన్నా ప్రాణాలు తీసేదీ అదే!

హిమాచల్ ప్రదేశ్‌లో మనాలీ నుంచి లద్దాఖ్‌లోని లేహ్‌కి వెళ్లే దారిలో తాండి అనే చిన్న ఊరుంది. చంద్ర, భాగ నదులు కలిసేది అక్కడే. ఆ సంగమం కంటే కూడా యాత్రికులకు ఎక్కువగా గుర్తుండిపోయేది అక్కడి పెట్రోలు బంకు. ‘తర్వాతి ఫిల్లింగ్ స్టేషన్ 365 కిలోమీటర్లు’ అన్న అక్కడి బోర్డు దేశమంతా తిరిగే బైకర్లకు ఏళ్ల తరబడి ఓ మైలురాయి. దాని పక్కన నిలబడి ఫొటో దిగనివాళ్లు అరుదు. ఫొటో దిగాక చాలామంది చేసే పని ఒకటే... ట్యాంకు నిండా పోయించి, వెంట తెచ్చిన క్యాన్ కూడా నింపించుకోవడం.

ఎందుకంటే, తాండి దాటాక 16 వేల అడుగుల ఎత్తున్న బారాలాచా లా, ఆ తర్వాత లాచుంగ్ లా, చివరికి 17 వేల అడుగులు దాటిన తంగ్లంగ్ లా కనుమలు ఎక్కి దిగాలి. 2020లో అటల్ సొరంగం వచ్చాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కాల్సిన బాధ తప్పిందిగానీ, ఈ మూడింటినీ ఎక్కక తప్పదు. మధ్యలో సర్చు, పాంగ్‌లాంటి చోట్ల గుడారాల్లో వేడివేడి నూడుల్స్ దొరుకుతాయి. టీ దొరుకుతుంది. బంకు మాత్రం మన ఊళ్లో ఉన్నట్టు సందు తిరగ్గానే కనిపించదు.

ఒక్క కిలోమీటరు తక్కువ!

‘మా బండి ఫుల్ ట్యాంకు కొట్టిస్తే 500 కిలోమీటర్లు వస్తుంది, ఇక భయమేముంది’ అనుకుంటారు చాలామంది. తప్పటడుగు పడేది అక్కడే. ఆ మైలేజీ తారురోడ్డుది. కొండ దారిలో బండి ఎక్కువసేపు మొదటి, రెండో గేర్లలోనే మూలుగుతూ ఎక్కుతుంది. దారిలో లారీల వరసో, కొండచరియలో అడ్డుపడితే గంటల కొద్దీ ఆగాలి. చలికి తట్టుకోలేక ఇంజిను ఆపరు. ఇవన్నీ తాగేది ట్యాంకులోని ఇంధనాన్నే.

చిన్న లెక్క చూద్దాం. మైదానంలో లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే పెద్ద జీపు కొండల్లో ఏడే ఇచ్చిందనుకుందాం. 365 కిలోమీటర్లకు 52 లీటర్లు కావాలి. దారి తప్పడానికీ, వెనక్కి తిరగాల్సి రావడానికీ ఇంకో మూడో వంతు కలుపుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. అంటే దాదాపు 70 లీటర్లు. బండి ట్యాంకు 60 లీటర్లదైతే పది తక్కువ. ఒక్క 20 లీటర్ల క్యాన్ ఉంటే చాలు, నిశ్చింత. అంతకు మించి మోయడం దండగ.

బైకు సంగతీ అంతే. 13 లీటర్ల ట్యాంకున్న మోటార్‌సైకిల్ కొండల్లో లీటరుకు 28 కిలోమీటర్లు ఇస్తే 364 కిలోమీటర్లు వెళ్తుంది. బోర్డు మీద రాసింది 365. సరిగ్గా ఒక్క కిలోమీటరు తక్కువ! అందుకే బుల్లెట్ వీరుల బండ్లకు పక్కన ఐదు లీటర్ల డబ్బాలు వేలాడేది.

ఇసుకలో అయితే లెక్క ఇంకా మారిపోతుంది. ఆస్ట్రేలియాలోని సింప్సన్ ఎడారిని మౌంట్ డేర్ నుంచి బర్డ్స్‌విల్ వైపు దాటేవాళ్లు 500 కిలోమీటర్లకు పైగా సాగే దారిలో వెయ్యికి మించిన ఇసుక తిన్నెలు ఎక్కి దిగాలి. మధ్యలో చుక్క ఇంధనం దొరకదు. మెత్తటి ఇసుకలో తాగుడు ఒకటిన్నర రెట్లకు పెరిగిపోవడం మామూలే. అందుకే అక్కడివాళ్లు ఇంధనం లెక్క, నీళ్ల లెక్క చూసుకున్నాకే తాళం తిప్పుతారు.

మందుల షాపే బంకు!

నిజానికి కారు ఎంత పాతదో ఈ దిగులూ అంత పాతది. 1888 ఆగస్టులో కార్ల్ బెంజ్ భార్య బెర్తా ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని, భర్త తయారుచేసిన మూడు చక్రాల మోటారుబండిలో జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. దూరం వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. దారిలో ఇంధనం నిండుకుంది. అప్పటికి బంకులన్నవే లేవు. వీస్‌లోఖ్ అనే ఊళ్లో మందుల షాపుకి వెళ్లి, మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రాయిన్ అనే ద్రావకం కొని బండిలో పోసిందామె. ప్రపంచంలో మొట్టమొదటి పెట్రోలు బంకు అదేనంటూ ఆ ఊరివాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

కిరసనాయిలు డబ్బా చేసిన ద్రోహం

ఒకప్పుడు మన పల్లెల్లో కిరసనాయిలు వచ్చే నలుపలకల రేకు డబ్బా గుర్తుందా? ఖాళీ అయ్యాక పైన కర్ర బిగించి, కావడికి రెండు వైపులా కట్టి నీళ్లు మోసేవారు. బియ్యం పోసుకునేవారు. 4 గ్యాలన్లు, అంటే 18 లీటర్లు పట్టే సరిగ్గా అలాంటి డబ్బాలతోనే రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఉత్తర ఆఫ్రికా ఎడారిలోకి దిగింది. చవగ్గా తయారవుతాయి, వాడి పారేయొచ్చు అనుకున్నారు. కానీ పల్చటి రేకు. లారీ కుదుపులకు అతుకులు విడిపోయేవి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కిందవి నలిగిపోయేవి. ముందు వరసలో ఉన్న సైనికుడి దాకా చేరేలోపే పెట్రోలులో దాదాపు మూడో వంతు ఇసుక పాలయ్యేదట. పైగా కారిన పెట్రోలు ఆవిరితో లారీలే మందుపాతరల్లా ఉండేవి. విసిగిపోయిన సైనికులు వాటికి ‘ఫ్లిమ్సీ’ అని పేరుపెట్టారు. ఉఫ్‌మంటే ఎగిరిపోయేది అని అర్థం!

అదే ఎడారిలో జర్మన్ల దగ్గర మాత్రం బాగా గట్టి డబ్బాలుండేవి. ఎక్కడైనా దొరికితే బ్రిటిష్ సైనికులు వాటిని బంగారంలా దాచుకునేవారు. జర్మన్లను వాళ్లు వెటకారంగా పిలిచే పేరు ‘జెర్రీ’. ఆ జెర్రీల క్యాన్ కాబట్టి... జెర్రీక్యాన్!

మూడు పిడుల రహస్యం

1930ల చివర్లో జర్మనీలో పుట్టిన ఈ 20 లీటర్ల డబ్బాను తీసుకుని కాస్త పరీక్షగా చూస్తే, దాన్ని రూపొందించినవాళ్ల తెలివికి ముచ్చటేస్తుంది. పైన పిడి ఒకటి కాదు, మూడు. మధ్య పిడి పట్టుకుంటే ఒక్కరే మోయొచ్చు. నిండు డబ్బాను చెరోవైపు పిడీ పట్టుకుని ఇద్దరు మోయొచ్చు, వరసగా నిలబడి చేతులు మార్చుకోనూ వచ్చు. ఖాళీవైతే ఒక్కో చేత్తో రెండేసి పట్టుకోవచ్చు. పక్కల మీద ఇంటూ గుర్తులా కనిపించే గాడి అందం కోసం కాదు. రేకుకు బలాన్నిస్తుంది, లోపలి ఇంధనం వేడికి వ్యాకోచిస్తే ఉబ్బడానికి చోటిస్తుంది. పిడుల కింద కావాలనే కాస్త గాలి మిగిలేలా చేశారు, నీళ్లలో పడ్డా తేలుతుంది. మూతకు మరలు లేవు, లివరు నొక్కితే బిగుసుకుంటుంది. పోసేటప్పుడు గాలి లోపలికెళ్లడానికి సన్నటి గొట్టం కూడా ఉంది. అందుకే గుడగుడమని చిందకుండా ధారగా పడుతుంది.

ఈ డబ్బా గుట్టు బయటి ప్రపంచానికి తెలియడం వెనక మన దేశానికీ ఓ చిన్న పాత్ర ఉంది. 1939లో పాల్ ప్లైస్ అనే అమెరికన్ ఇంజినీరు ఓ జర్మన్ స్నేహితుడితో కలిసి బెర్లిన్ నుంచి భారతదేశానికి కారులో బయల్దేరాడు. దారిలో నీళ్లు నిల్వ చేసుకోవడానికి ఏమీ లేదని గుర్తొచ్చి, ఆ స్నేహితుడు సైన్యం దాచి ఉంచిన మూడు జెర్రీక్యాన్లు సంపాదించి బండిలో వేశాడు. జర్మనీ ఆ స్నేహితుణ్ని మధ్యలోనే వెనక్కి పిలిపించుకుందిగానీ, ప్లైస్ మాత్రం కారునూ క్యాన్లనూ కలకత్తా చేర్చాడు. 1940లో ఆ కారుతోపాటే క్యాన్లు అమెరికా వెళ్లాయి. మొదట్లో అక్కడి అధికారులు అంతగా పట్టించుకోలేదు. యుద్ధం ముదిరాక మాత్రం ఇంగ్లండు, అమెరికా రెండూ అదే నమూనాలో కోట్ల సంఖ్యలో తయారుచేశాయి. ఫ్రాన్సులో తమ సైన్యం అంత వేగంగా దూసుకెళ్లడానికి ఈ డబ్బాలే కారణమని 1944లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్వయంగా మెచ్చుకున్నాడు. యుద్ధం నాటి జీపుల వెనక భాగాన కనిపించే డబ్బా అదే. నేటి సాహస యాత్రికుల బండ్ల మీద కనిపించేదీ దాని వారసురాలే.

పైన కట్టాలా... వెనక కట్టాలా?

క్యాన్ కొనడం తేలికే. బండిలో ఎక్కడ పెట్టాలన్నదే అసలు చిక్కు. 20 లీటర్ల పెట్రోలు దాదాపు 15 కిలోలు. డబ్బా మరో నాలుగు. అలాంటివి నాలుగు టాపు మీద కడితే, ఓ పెద్దమనిషిని బండి నెత్తిన కూర్చోబెట్టుకున్నట్టే! ఏటవాలు దారిలో బండి ఒరిగితే ఆ బరువే దాన్ని పూర్తిగా పల్టీ కొట్టిస్తుంది. పోనీ వెనక తలుపుకి వేలాడదీస్తే? వెనక నుంచి వచ్చే బండి గుద్దితే మొదట తగిలేది దానికే. పక్కన కడితే బండరాళ్లు, చెట్ల కొమ్మల భయం. డిక్కీలో పెడితే ఆ ఆవిరంతా పిల్లాపాపలు కూర్చున్న చోటికే చేరుతుంది. అన్నిటికన్నా మేలైన చోటు బండి అడుగున, నాలుగు చక్రాల మధ్యన. అందుకే ఏటా ఎడారులు దాటేవాళ్లు క్యాన్ల జోలికి పోకుండా అదనపు ట్యాంకు బిగించుకుంటారు. ఎప్పుడో ఒకసారి వెళ్లేవాళ్లకు ఒకటి రెండు క్యాన్లు చాలు. కాకపోతే గట్టి స్టాండులో, కదలకుండా, నిలువుగా బిగించాలి. ఏ కుదుపుకూ ఊడిరాకూడదు.

పెట్రోలుకీ డీజిలుకీ కూడా తేడా ఉంది. పెట్రోలు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు. నేల మీద పాకుతూ వెళ్లి ఎక్కడో ఉన్న పొయ్యి మంటను పట్టుకుంటుంది. డీజిలు అంత తొందరగా అంటుకోదు. దాని ఇబ్బంది దానిది. విపరీతమైన చలిలో అందులోని మైనం గడ్డకట్టి ఫిల్టర్లను మూసేస్తుంది. మైనస్ 33 డిగ్రీల్లోనూ గడ్డకట్టని ప్రత్యేక డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో లద్దాఖ్‌లో ప్రవేశపెట్టింది ఈ ఇబ్బంది తీర్చడానికే.

చట్టం కూడా ఓ గీత గీసింది. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం, అమ్మకానికి కాకుండా సొంతానికైతే 30 లీటర్ల దాకా పెట్రోలును లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవచ్చు. అదీ గట్టి మూత ఉన్న డబ్బాల్లోనే. లోహపు డబ్బా అయితే 25 లీటర్లకు మించకూడదు. మంచినీళ్ల ప్లాస్టిక్ సీసాలో పోయమంటే బంకువాళ్లు కాదనేది ఊరికే కాదు.

ఇవి మరవొద్దు

* క్యాన్‌ను బండిలో ఉంచి నింపకూడదు. నేల మీద పెట్టి, బంకు గొట్టం డబ్బా అంచుకు ఆనేలా పట్టుకుని నింపాలి. లేకపోతే స్థిర విద్యుత్తు రవ్వ చాలు, అగ్గి రాజుకోవడానికి.

* అంచు దాకా నింపొద్దు. పొద్దున 15 డిగ్రీల చలిలో నింపిన 20 లీటర్ల పెట్రోలు, మధ్యాహ్నం ఎండకు 45 డిగ్రీలకు వేడెక్కితే అరలీటరుకు పైగా వ్యాకోచిస్తుంది.

* 17 వేల అడుగుల ఎత్తులో గాలి పీడనం కింద ఉన్నదానిలో దాదాపు సగమే. కింద బిగించిన మూతను అక్కడ ఒక్కసారిగా తీస్తే పెట్రోలు మొహం మీదికి చిమ్ముతుంది. కొంచెం కొంచెంగా వదలాలి.

* ట్యాంకులో పోసే ముందు ఇంజిను ఆపి, చల్లారనివ్వాలి. సిగరెట్టు, స్టవ్, సెల్‌ఫోను దూరం. గరాటుకు సన్నటి జాలీ ఉంటే చెత్త లోపలికి పోదు.

* ట్యాంకు సగం ఖాళీ కాగానే క్యాన్‌లోది పోసేయాలి. క్యాన్ బరువు తగ్గుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది. ఒకవేళ ఆ ఇంధనం కల్తీదైతే సగం దారిలోనే బయటపడుతుంది.

* ఖాళీ క్యాన్ కదా అని ఏమరొద్దు. నిండు డబ్బాకన్నా ఆవిరి నిండిన ఖాళీ డబ్బాతోనే ఎక్కువ ప్రమాదం.

ఇంత లెక్కా వేసుకుని, ఇంత బరువూ మోసుకుని వెళ్లాక, తీరా లేహ్ చేరేసరికి ట్యాంకులో ఇంకా మూడో వంతు మిగిలే ఉండొచ్చు. ‘అనవసరంగా మోశామే’ అనిపించనూవచ్చు. కానీ ఆ మిగిలింది దండగ కాదు. దారిలో ఏ కొండచరియా విరిగిపడలేదనీ, ఎక్కడా దారి తప్పలేదనీ, పిల్లలతో సహా అందరూ క్షేమంగా గమ్యం చేరారనీ అర్థం. స్కూటర్ను వంచితే దొరికే గుక్కెడు పెట్రోలు మన ఊళ్లో మనల్ని ఇంటికి చేరుస్తుంది. కొండల్లో ఆ పని చేసేది మాత్రం... బయల్దేరే ముందు వేసుకున్న లెక్కే!