గురుముద్ర

ఒక దీపం నుంచి వెలిగించిన మరొక దీపం మొదటి దాని వలెనే వెలుగుతుంది. అందువల్ల గురుశిష్యులను దీపాలతో పోల్చడం మనకు పరిపాటి అయినది. కాని గొప్ప గురువుల శిష్యకోటిని పరిశీలించిన కొద్దీ ఈ పోలిక చాలదనిపిస్తుంది. గురువు నమ్మిన దానిని పూర్తిగా నమ్మక, ఆయన నడచిన బాటను విడచి, అయినప్పటికీ ఆయన ముద్రను జీవితాంతం మోసిన శిష్యులు లేకపోలేదు. వారిలో గురుప్రభావం ఎక్కడ ఉన్నట్లు? ఈ ప్రశ్నకు సమాధానం కోరే ఆంధ్రులు బ్రహ్మర్షి రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి చరిత్రను తిరుగవేయవలసి ఉంటుంది.

ఆ చరిత్ర ఆయన గురువుతో మొదలు పెట్టడం ఉచితం. స్కాట్లండు దేశీయుడైన విలియం మిల్లరు దొర 1862 చివరలో మద్రాసు చేరినారు. ఆ యేడే అక్టోబరు 1వ తేదీన బందరులో వెంకటరత్నంగారు జన్మించినారు. మిల్లరుగారు నడిపిన మిషను పాఠశాల 1877లో మద్రాసు క్రైస్తవ కళాశాలగా రూపొందినది. ఆయన మతాచార్యులు. అయినా ఎందరు మతం పుచ్చుకొన్నారని లెక్క పెట్టుకోవడం కళాశాల పని కాదనీ, ఉన్నత భావాలు విద్య ద్వారా సంఘమంతటా వ్యాపించడమే ముఖ్యమనీ వారు భావించినారు. ఈ వైఖరి తోటి మిషనరీలలో కొందరికి రుచించలేదు. ఆయన షేక్స్పియరు నాటకాలను బోధించినా అందులో మానవ ప్రవర్తనను గూర్చిన విచారమే ప్రధానం. సొంత ధనాన్ని సైతం కళాశాలకు వెచ్చించిన త్యాగి ఆయన.

అట్టి గురువు వద్ద చదువుకొన్న వెంకటరత్నంగారు క్రైస్తవులు కాలేదు. బ్రహ్మసమాజ మార్గం అవలంబించినారు. పైపైన చూచేవారికి ఇది గురువుగారి ఓటమిగా కనిపించవచ్చు. కాని అధ్యాపకత్వం జీతానికి చేసే కొలువు కాదనీ, పాఠం చెప్పేవాని నడతే మొదటి పాఠమనీ ఆ శిష్యుడు గ్రహించినారు. మిల్లరుగారు 1901 నుంచి 1904 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. 1925లో అదే పీఠాన్ని శిష్యుడు అధిష్ఠించి 1928 వరకు నిర్వహించినారు. పీఠం ఒకటే, విశ్వాసాలు వేరు, బోధన పట్ల నిష్ఠ మాత్రం ఒకటే.

వెంకటరత్నంగారు బందరు నోబుల్ కళాశాలలోను, సికిందరాబాదు మహబూబు కళాశాలలోను పనిచేసి, 1904 నుంచి 1919 వరకు కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు అధ్యక్షులుగా ఉన్నారు. శ్వేత వస్త్రాలు, తలపాగా, నిరాడంబర జీవనం ఆయనకు గుర్తులు. జీతంలో పెద్ద భాగం పేద విద్యార్థుల చదువులకే పోయేది. స్త్రీలకు ఉన్నత విద్య ఎందుకని పెద్దలు ప్రశ్నిస్తున్న రోజులలో విద్యార్థినులకు కళాశాల తలుపులు తెరిచినారు. అంటరానివారని సంఘం దూరంగా ఉంచిన పిల్లలను చేరదీసినారు.

శీలం విషయంలో ఆయన నియమం కఠినం. భోగం మేళాలను నిరసించి, సాంఘిక పవిత్రత కోసం ఊరూరా ఉపన్యసించినారు. ఆ ఉద్యమం కళావంతుల కుటుంబాలకు జీవనాధారాన్ని, తరతరాల కళను దూరం చేసినదన్న విమర్శ నేడు వినవస్తున్నది. అది తోసిపుచ్చదగిన విమర్శ కాదు. గురువును పూజించడానికి ఆయన ప్రతి అభిప్రాయాన్నీ సమర్థించనక్కరలేదు. ఆయన శిష్యులే ఆ పని చేయలేదు.

బందరులో ఆయన శిష్యులైన ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్లను చూడండి. గురువుగారు రాజకీయ సంఘర్షణకు దూరంగా ఉండి, 1924లో సర్ బిరుదు పొందినవారు. శిష్యులు ఆంగ్ల ప్రభుత్వాన్ని ఎదిరించే పక్షంలో నిలిచినారు. ఒకరు 1907 నుంచి కృష్ణా పత్రికకు సంపాదకులై దానినే జీవితంగా చేసుకొన్నారు. రెండవవారు వైద్యవృత్తిని విడచి జాతీయోద్యమంలో ప్రవేశించి, 1948లో కాంగ్రెసు అధ్యక్షులైనారు. 1910లో కోపల్లె హనుమంతరావుగారు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలకు ఇరువురూ అండగా నిలిచినారు. రాజకీయాలలో గురువుతో వారికి పొత్తు లేదు. ప్రజాసేవను వ్రతంగా పట్టడంలో మాత్రం గురువు కనిపిస్తారు.

పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దరుగారు వెంకటరత్నంగారిని గురువుగా భావించినారు. కాకినాడలోని కళాశాల, అనాథ శరణాలయం, బ్రహ్మసమాజ మందిరం ఆ భక్తికి నిదర్శనాలు. ఇక దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఆంగ్ల సాహిత్యంలో తమకు అభిరుచి కల్పించిన గురువులలో వెంకటరత్నంగారిని పేర్కొన్నారు. 1925లో వెలువడిన కృష్ణపక్షంలోని స్వేచ్ఛ, విరహం, కన్నీరు ఆ నియమనిష్ఠల గురువు నేర్పినవి కావు. కాని అదే కవి అంటరానితనాన్ని ఎదిరించినారు, వేశ్యా వివాహాలు జరిపించినారు. గురువుగారు నిరసించిన చోట శిష్యుడు ఆదరణ చూపినారు. గురువు ఆశయం శిష్యుని చేతిలో మెత్తబడినది.

అన్నిటికంటె విచిత్రమైన శిష్యుడు గుడిపాటి వెంకటచలం. కాకినాడలో చదువుకొనే రోజులలో వెంకటరత్నంగారి ప్రభావానికి లోనై బ్రహ్మసమాజంలో చేరినారు. తరువాత దానినీ విడిచినారు. 1927లో మైదానం వ్రాసి శీలాన్ని గూర్చిన లోకాభిప్రాయాన్నే ప్రశ్నించినారు. గురుశిష్యులలో ఇంతకంటె దూరం ఉండదని తోస్తుంది. కాని మద్రాసులో చదువుకొంటూ భార్యను సైకిలుపై బడికి తీసుకొని వెళ్లిన యువకుడు ఎవరు? ఈ చలమే. స్త్రీకి విద్య కావాలని ఉపన్యసించినవారు నాడు ఎందరో ఉండవచ్చు. నమ్మిన దానిని నడివీధిలో ఆచరించి, నవ్వులు భరించినవారు కొద్దిమంది. నమ్మకం ఆచరణకు రావాలన్న ఆ పట్టుదలలో కాకినాడ ఆచార్యుని ఛాయ లేదనగలమా?

వీరందరినీ ఒకచోట నిలిపి చూస్తే ఒక పత్రికా సంపాదకుడు, ఒక కాంగ్రెసు నాయకుడు, ఒక మహారాజు, ఒక భావకవి, ఒక తిరుగుబాటు రచయిత కనిపిస్తారు. అభిప్రాయాలలో ఏ ఇద్దరూ ఒకటి కారు. అందరికీ సామాన్యమైనది ఒక్కటే: సత్యమని తోచిన దాని కోసం నష్టపడడానికి సిద్ధపడడం. ఆచార్యుడు అభిప్రాయాలను అప్పగిస్తే శిష్యుడు వాటిని కొంతకాలం మోసి దించివేస్తాడు. అభిప్రాయాలను ఎంత నిజాయితీతో పట్టుకోవాలో చూపితే, ఆ నిజాయితీతోనే శిష్యుడు ఒకనాడు గురువును సైతం ప్రశ్నిస్తాడు. అది ధిక్కారం కాదు; గురుదక్షిణ.

నేటి విద్యాలయాలలో ఆచార్యుని సామర్థ్యాన్ని మార్కులతో, ఉత్తీర్ణుల సంఖ్యతో కొలుస్తున్నాము. ఆ లెక్క అవసరమే కావచ్చు. కాని దాని ఆయుర్దాయం మరుసటి పరీక్ష వరకే. ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. మీతో విభేదించే విద్యార్థి తరగతిలో లేచి నిలబడినప్పుడు, అతడు మన మాట విన్నాడా లేదా అని కాక, తాను నమ్మిన మాట కోసం నిలబడగలడా అని చూడండి. నిలబడగలిగితే మీ పాఠం అతనికి అందినట్లే.