రాకెట్టు శకలం ఉల్క అవుతుందా?

2022 ఏప్రిల్ 2వ తేదీ, ఉగాది పండుగనాటి రాత్రి. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌ల గగనతలంలో నిప్పులు చిమ్ముతూ ఒక వెలుగుల వరుస సాగిపోయినది. చూచినవారిలో చాలామంది ఉల్కాపాతమనే తలచారు. ఆ రాత్రే చంద్రపూర్ జిల్లా సిందేవాహి ప్రాంతంలో సుమారు 3 మీటర్ల వ్యాసం గల లోహపు వలయమొకటి నేలపై పడినది. అది 2021లో చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్ 3బి రాకెట్టు శకలమై ఉండవచ్చునని నిపుణులు అభిప్రాయపడ్డారు. మరి ఆనాడు జనం చూచినదానిని ఉల్క అనవచ్చునా?

అనవచ్చునన్నదే మా సమాధానం. అయితే అందులో ఒక మెలిక ఉన్నది. ఆకాశంలోని వెలుగుకూ, దానికి కారణమైన రాయికీ, నేలపై దొరికిన ముక్కకూ మన వాడుకలో ఉల్క అన్నది ఒక్కటే మాట. శాస్త్రజ్ఞులు మూడు పేర్లు పెట్టుకున్నారు. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 2017 నాటి నిర్వచనం ప్రకారం, అంతరిక్షం నుండి అతివేగంగా వాతావరణంలో ప్రవేశించే ఘనపదార్థం వల్ల పుట్టే వెలుగు, వేడి మొదలైనవే ‘మీటియార్’. ఆ పదార్థం ప్రకృతిసిద్ధమై ఉండవలెనన్న నిబంధన అందులో లేదు. అంతరిక్షంలో తిరిగే ‘మీటియరాయిడ్’కూ, నేలరాలిన ‘మీటియరైట్’కూ మాత్రం ఆ నిబంధన ఉన్నది. కనుక ఆ రాత్రి కాంతి ఉల్కయే. ఆ వలయం ఉల్కాశిల కాదు.

కంటితో చూచి తేడా పోల్చుకొనుట కూడ కష్టం కాదు. ఉల్కలు సెకనుకు 11 నుండి 72 కిలోమీటర్ల వేగంతో వస్తాయి. చాలావరకు రెప్పపాటులో మాయమవుతాయి. భూకక్ష్య నుండి జారే శకలం వేగం సుమారు 8 కిలోమీటర్లే. అది దాదాపు అడ్డంగా, ముక్కలు ముక్కలై, తాపీగా సాగిపోతుంది. 2010 జూన్ 13న జపాన్ వారి హయబుసా నౌక సెకనుకు 12 కిలోమీటర్ల వేగంతో ఆస్ట్రేలియా మీద కాలిపోయినప్పుడు, శాస్త్రజ్ఞులు దానిని కృత్రిమ ఉల్కగా ఎంచి విమానం నుండి పరిశీలించారు. బరువు, పదార్థం, వేగం ముందే తెలిసిన ఉల్క మరెక్కడ దొరుకుతుంది!

పేరులో ఏమున్నదని కొట్టిపారవేయరాదు. ఆకాశం నుండి రాయి పడి ఇల్లు కూలితే నష్టపరిహారం అడుగుటకు ఎవరూ లేరు. రాకెట్టు తునక పడితే, 1972 నాటి అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం ప్రయోగించిన దేశానిదే బాధ్యత. అణు రియాక్టరు గల సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 శకలాలు 1978 జనవరిలో కెనడా మంచునేలపై చెల్లాచెదరైనవి. అందుకు 1981లో సోవియట్ ప్రభుత్వం 30 లక్షల కెనడా డాలర్లు చెల్లించుటకు అంగీకరించినది.

అటువంటి శకలం ఎవరి పొలంలోనైనా పడితే వింతగా తోచినా ముట్టుకోరాదు. కొన్ని రాకెట్టు ట్యాంకులలో విషపూరితమైన ఇంధనం మిగిలి ఉండవచ్చును. దూరంగా నిలిచి పోలీసులకు కబురు చేయవలెను.