ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్‌కి ముందు కిడ్నీ పరీక్ష ఎందుకు?

ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్‌కి వచ్చినవారు "జబ్బు ఒకచోటైతే కిడ్నీకి పరీక్షలేంటి?" అని అడుగుతుంటారు. ప్రోస్టేట్ గ్రంథి మూత్రం వచ్చే దారి చుట్టూ ఉంటుంది. అది ఉబ్బి దారి మూసుకుపోతే మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు దెబ్బతింటాయి. నొప్పి కూడా తెలియకపోవచ్చు. క్రియాటినిన్ రక్తపరీక్షలో బయటపడుతుంది. ఎక్కువుంటే ముందు పైపు వేసి మూత్రం తీస్తారు, కిడ్నీలు కొంత కోలుకునేదాకా ఆపరేషన్ వాయిదా పడొచ్చు. కంగారుపడొద్దు.

మోకాళ్ల నొప్పులకి షాపులో కొనుక్కుని మింగే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కిడ్నీకి చేటు. వాడుతుంటే డాక్టరుగారికి దాచకుండా చెప్పండి. షుగర్, బీపీ మందుల చీటీలూ తీసుకెళ్లండి.

ఇంటికొచ్చాక పైపు సంచిలోకి మూత్రం రావడం ఆగిపోతే తెల్లారేదాకా చూడకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పైపు మీరే లాగేయొద్దు. సందేహాలుంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి, లేదా 104కి ఫోన్ చేయండి.