వాట్‌నకు గంట తోడైనప్పుడు

శివనసముద్రపు జలవిద్యుత్తుతో 1905లో వీథిదీపములు వెలిగించుకొన్న బెంగుళూరు నగరమున, హోసూరు, సర్జాపుర మార్గముల నడుమ వెలసిన హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో నేడు సాయంకాలము కాగానే అపార్ట్‌మెంటుల సెల్లారులలో విద్యుత్ స్కూటర్లు ఛార్జింగునకు బారులు తీరుచున్నవి. అచ్చట స్థిరపడిన తెలుగువారిలో ఒకరు తమ బండి మోటారు మూడు కిలోవాట్లనియు, మరియొకరు తమ బ్యాటరీ మూడు కిలోవాట్లనియు చెప్పుకొనగా, వినువారికి రెండును ఒకటే యని తోచును. మోటారు మాట సరియైనదే. బ్యాటరీ మాటలో గంట లోపించినది.

వాట్ విద్యుచ్ఛక్తి ఖర్చగు వేగమును తెలుపునే గాని నిలువను తెలుపదు. లేఅవుట్ చెంతనున్న అగర చెరువువంటి జలాశయమునకు తూము తెరచినప్పుడు క్షణక్షణము వెలువడు ధార వాట్లైనచో, లోన నిలిచిన నీరు వాట్-అవర్లగును. వేయి వాట్ల పరికరము గంటసేపు పనిచేసిన ఖర్చగు కిలోవాట్-అవరే నగరపు విద్యుత్ సరఫరా సంస్థయగు బెస్కాం బిల్లులోని యూనిట్. కావున మూడు యూనిట్ల బ్యాటరీని 750 వాట్ల ఛార్జరు నింపుటకు లెక్క ప్రకారము 4 గంటలు చాలును. కాని కొంత శక్తి వేడిగా మారిపోవుటచేతను, నిండవచ్చిన బ్యాటరీకి కరెంటును క్రమముగా తగ్గించి పంపుటచేతను, నిజమునకు అంతకు మించియే పట్టును.

ఇంతకన్న ఎక్కువ భ్రాంతి గొలుపునది మిల్లీయాంపియర్-అవర్ లెక్క. పవర్‌బ్యాంకుపై 20,000 అని పెద్ద అక్షరములతో ముద్రింతురు. 5,000 గల ఫోనును నాలుగు పర్యాయములు నింపవచ్చునని కొనువారు ఆశింతురు. ఆ 20,000ను, అనగా 20 యాంపియర్-అవర్లను, లోపలి సెల్లుల 3.7 వోల్టులతో గుణించినచో 74 వాట్-అవర్లు మాత్రమే. దానినే 5 వోల్టులకు పెంచి వెలుపలికి పంపునప్పుడు 14.8 యాంపియర్-అవర్లు మిగులును, మార్పిడిలోని నష్టము వేరు. 48 వోల్టుల బ్యాటరీలోనైతే అదే 20 యాంపియర్-అవర్లు 960 వాట్-అవర్లగును. వోల్టు తెలియని యాంపియర్-అవర్ సగము మాటయే గనుక, వాట్-అవర్లనే పెద్ద అక్షరములతో ముద్రించుట న్యాయమని నా దృఢాభిప్రాయము. విమానయాన సంస్థలు సైతము బ్యాటరీలను వెంట తీసికొనిపోవు సాధారణానుమతికి 100 వాట్-అవర్లనే హద్దుగా పాటించుచున్నవి.

ఛార్జరు విషయమున వోల్టులను యాంపియర్లతో గుణించిన వాట్లు వచ్చును: 20 వోల్టులు, 3.25 యాంపియర్లు గల లాప్‌టాప్ ఛార్జరు 65 వాట్లది. వోల్టులు పరికరమునకు సరిపడవలెను; యాంపియర్లు అధికమైనను హాని లేదు, పరికరము తనకు వలసినంతయే గ్రహించును. యూఎస్‌బీ-సి ఛార్జర్లు మొదట 5 వోల్టులే ఇచ్చి, పరికరము కోరినపిమ్మటనే హెచ్చించును గాని, గుండ్రని పిన్ను గల పాత ఛార్జర్లకు ఈ సంప్రదింపు లేదు; కావున పిన్ను పట్టినంత మాత్రమున తగిలింపక, అంటించిన చీటీపై వోల్టులు చదివియే తగిలింపవలెను.