చిలుకను పెంచాలనుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

తాటిమోడు తొర్రలోంచి చిలుక పిల్లను దించుకొచ్చి, పంజరంలో పెట్టి మాటలు నేర్పడం మన పల్లెల్లో తాతల నాటి సరదా. పిల్లలు మారాం చేశారనో, ఇంటికి కళ వస్తుందనో ఈనాటికీ కొందరు సంతలో కొని తెస్తున్నారు. చిలుకను తేవడమంటే కోడిపెట్టను తెచ్చినట్టు కాదు. ముందే ఆలోచించుకోకపోతే అటు పక్షి ప్రాణానికీ, ఇటు మీకూ ముప్పే.

రామచిలుక జోలికి పోవద్దు

మన చేలల్లో కనిపించే రామచిలుక అడవి పక్షి కిందే లెక్క. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఈ చట్టాన్ని 2022లో సవరించి జరిమానాలు పెంచారు. జైలు శిక్ష కూడా పడవచ్చు. "సంతలో డబ్బిచ్చి కొన్నాం, మేం పట్టలేదు గదా" అంటే చెల్లదు. చిలక జోస్యం చెప్పేవాళ్ల చిలుకలకూ ఇదే చట్టం. జొన్న మీదో, పొద్దుతిరుగుడు మీదో పడుతున్నాయని వలేసి పట్టినా వేట కిందికే వస్తుంది. వాటిని తోలడానికి మెరిసే రిబ్బన్లు కట్టండి, డప్పు కొట్టండి, అంతే. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రామచిలుకనే రాష్ట్ర పక్షిగా ప్రకటించిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

రెక్కలు రాని పిల్లల్ని తొర్రల్లోంచి తీసి, బుట్టల్లో కుక్కి తెస్తారు. చాలా పిల్లలు దారిలోనే చనిపోతాయి. మనం ఒకటి కొన్నామంటే ఆ చచ్చినవాటికి కూడా మనమే డబ్బిచ్చినట్టు.

మరి ఏవి పెంచుకోవచ్చు?

ఆస్ట్రేలియా నుంచి వచ్చి, ఏళ్ల తరబడి పంజరాల్లోనే పిల్లలు పెడుతున్న బడ్జీలు, కాకటీల్‌లు పెంచుకోవచ్చు. మన ఊళ్లలో చాలామంది బడ్జీలనే లవ్‌బర్డ్స్ అంటారు. మకావ్, ఆఫ్రికా బూడిదరంగు చిలుక, సన్ కొన్యూర్ వంటి ఖరీదైన జాతులైతే 2024లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం చేతికొచ్చిన 30 రోజుల్లోగా పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు చూపలేని వ్యాపారి దగ్గర కొనకండి.

ఎన్నేళ్ల బాధ్యత?

బడ్జీ అయిదు నుంచి ఎనిమిదేళ్లు, కాకటీల్ పదిహేనేళ్లకు పైగా బతుకుతాయి. పెద్ద మకావ్‌లు మనిషితో పాటే ముసలివవుతాయి. ఈరోజు పట్టుబట్టిన పిల్లాడు రేపు చదువుకని పట్నం పోతాడు. ఆ తర్వాత చూసేదెవరు? నాట్లప్పుడు, కోతలప్పుడు ఇంటిల్లిపాదీ పొలంలోనే ఉంటే నీళ్లు మార్చేదెవరు? ఇవి గుంపుగా బతికే పక్షులు. ఒంటరిగా వదిలేస్తే బెంగపడి తమ ఈకలు తామే పీక్కుంటాయి. అంచేత జతగా తెచ్చుకోవడం మేలు. తెల్లారగట్ల, సాయంత్రం అరుపులు తప్పవు. మాటలు వస్తాయన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

పంజరం, మేత

పక్షి రెండు రెక్కలూ పూర్తిగా చాచి, ఒక కర్ర మీంచి ఇంకో కర్ర మీదికి ఎగరగలిగేంత పంజరం కావాలి. గుండ్రటి చిన్న పంజరాలు పనికిరావు. బడ్జీలకు ఊచల మధ్య ఎడం అరంగుళానికి మించకూడదు, తల ఇరుక్కుంటుంది. కూర్చునే కర్రలకు వేప, జామ కొమ్మలు మంచివి. పిల్లి, పాము చేరని చోట, ఎండ నేరుగా పడకుండా పెట్టాలి.

మేత విషయంలో రైతులకు దిగులు లేదు. కొర్రలు, సజ్జలు మన దగ్గరున్నవే. వాటితోపాటు రోజూ మునగాకు, పాలకూర, క్యారెట్ తురుము, పాలకంకి గింజలు పెట్టాలి. ఒట్టి పొద్దుతిరుగుడు గింజల మీద పెంచితే కొవ్వు పట్టి, విటమిన్ 'ఎ' లోపం వస్తుంది. సున్నం కోసం సముద్రపు నురుగు ముక్క పంజరానికి కట్టండి. ఉప్పు కారాల కూర, పాలు, చాక్లెట్, అవకాడో పెట్టకూడదు.

పురుగుమందులతో జాగ్రత్త

పక్షి ఊపిరితిత్తులు చాలా సున్నితం. ఇంటి పక్క చేలో మందు కొట్టే రోజున పంజరాన్ని లోపలికి మార్చండి. మందు కొట్టిన చేను ఆకుకూర పెట్టకండి. దోమల చుట్ట పొగ, మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ కూడా ప్రాణం తీస్తాయి.

రోగాల మాట

ఈకలు ఉబ్బించుకుని కునికే పక్షి, ముక్కు కారే పక్షి, రెట్ట అంటుకున్న పక్షి చవగ్గా వచ్చినా కొనవద్దు. కొత్త పక్షిని నెల రోజులు విడిగా ఉంచండి. కొక్కెర తెగులు చిలుకలకూ సోకుతుంది కాబట్టి పెరటి కోళ్లకు దూరంగా పెట్టండి. ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే మనుషులకూ సిట్టకోసిస్ అనే జ్వరం, న్యుమోనియా రావచ్చు. తడిపి తుడవండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. జ్వరం వస్తే ఇంట్లో చిలుక ఉందని డాక్టరుకు చెప్పండి. మీ పశువుల ఆసుపత్రిలో పంజరం పక్షులకు వైద్యం చేస్తారో లేదో తెచ్చేముందే కనుక్కోండి.

ఇప్పటికే రామచిలుక ఉంటే?

తలుపు తీసి వదిలేయకండి. పంజరంలో పెరిగిన చిలుకకు మేత వెతుక్కోవడం రాదు, కాకులకో కుక్కలకో బలవుతుంది. దగ్గర్లోని అటవీ శాఖ రేంజి ఆఫీసులో అప్పగించండి. చెట్టు కూలి పిల్లలు దొరికితే పాలు పట్టకుండా, గాలాడే అట్టపెట్టెలో గుడ్డ పరిచి, వెచ్చగా ఉంచి, అదే రోజు వాళ్లకు కబురు చేయండి.