ఒకప్పుడు అరబ్ జట్లన్నీ మన వెనకేనా?

కోల్‌కతాలో ఫుట్‌బాల్ మాట ఎత్తితే చాలు, ఐదు నిమిషాల్లో పాత రోజులు వచ్చేస్తాయి. మైదాన్‌లో క్లబ్బు టెంట్ల దగ్గరైనా, సాల్ట్‌లేక్ స్టేడియం బయట టీ కొట్టు దగ్గరైనా వరస ఒకటే. ఆసియాకు రాజులం మనమే, కువైట్, ఖతార్ లాంటివి మన ముందు నిలిచేవి కావు, తర్వాత నూనె డబ్బూ రిఫరీలూ కలిసి మనల్ని కిందికి తోసేశాయి. హైదరాబాద్‌లో పాత ఆటగాళ్లను తలచుకునేవాళ్లూ ఇదే అంటారు, పేర్లు మారతాయంతే. ఇందులో నిజం ఉంది. కానీ దానికి అంటుకున్న అబద్ధాలు ఆ నిజాన్నే చిన్నబుచ్చుతున్నాయి.

అపోహ: బూట్లు లేవని 1950 ప్రపంచకప్‌కు మనల్ని రానివ్వలేదు.

ఈ కథకు కోల్‌కతాలో బలం ఎక్కువ, కారణం 1911. ఆ ఏడాది జులై 29న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించిన మోహన్ బగాన్‌లో పదిమంది ఉత్త కాళ్లతోనే ఆడారు, సుధీర్ చటర్జీ ఒక్కడే బూట్లు వేసుకున్నాడు. ఆ గర్వంలోంచి 1950 కథ తేలిగ్గా పుట్టింది. అసలు జరిగింది వేరు. బర్మా, ఇండొనేసియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో ఒక్క మ్యాచ్ ఆడకుండానే మనకు బ్రెజిల్ వెళ్లే అవకాశం వచ్చింది. వెళ్లనిది మన సమాఖ్యే. దూరం, ఖర్చు, సాధనకు వ్యవధి లేకపోవడం, ఒలింపిక్స్ ముందు ప్రపంచకప్ పెద్ద విషయంగా తోచకపోవడం, కారణాలివి. రెండేళ్ల తర్వాత హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. బూట్లు తప్పనిసరి అన్న పట్టింపు మనకు మొదలైంది ఆ దెబ్బతోనే.

అపోహ: 1964లో మనది ఆసియాలోనే రెండో అత్యుత్తమ జట్టు.

ఆసియాకప్‌లో రన్నరప్ అన్నది రికార్డుల్లో ఉన్న మాటే. ఎలా వచ్చిందన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఆ టోర్నీ ఇజ్రాయెల్‌లో జరిగింది. ఇజ్రాయెల్‌తో ఆడబోమన్నది అప్పటి అరబ్ దేశాల పట్టు, వాటిలో ఒక్కటీ అక్కడికి రాలేదు. క్వాలిఫయింగ్‌లో మన ప్రత్యర్థులు తప్పుకోవడంతో మనం ఆడకుండానే చేరాం. చివరికి బరిలో మిగిలింది నాలుగే జట్లు.

అంతమాత్రాన అక్కడి ఆటను తీసిపారేయకూడదు. 1964 మే 27న, నెహ్రూ కన్నుమూసిన రోజునే, మనవాళ్లు దక్షిణ కొరియాను 2-0తో ఓడించారు. ఆట మొదలైన రెండో నిమిషంలోనే గోల్ కొట్టినవాడి పేరు కె. అప్పలరాజు. ఆ పేరు వింటే శ్రీకాకుళం, విజయనగరం పాఠకులకు ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. మనకు మాత్రం ఆయన పేరు తెలియదు, ఆ జట్టు కెప్టెన్ చునీ గోస్వామి పేరే తెలుసు. రెండో గోల్ ఇందర్ సింగ్‌ది. తర్వాత ఇజ్రాయెల్ చేతిలో 0-2తో ఓడి, హాంకాంగ్‌పై 3-1తో గెలిచారు. మూడింట రెండు గెలుపులు. మెచ్చుకోదగ్గ ఆటే, కానీ దానితో ఖండమంతటినీ కొలవలేం.

అపోహ: ఆ రోజుల్లో అరబ్ జట్లు మన చేతిలో చిత్తుగా ఓడేవి.

ఓడాలంటే ముందు ఎదురుపడాలి కదా. 1951లో ఢిల్లీలో మేవాలాల్ గోల్‌తో ఇరాన్‌పై గెలిచి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చుకున్నప్పుడు పోటీలో అరబ్ జట్టు ఒక్కటీ లేదు. ఇరాన్ అరబ్ దేశం కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఎనిమిది జట్లు ఆడితే అందులోనూ ఒక్కటీ లేదు. అక్కడ మనం గెలిచిన స్వర్ణం మాత్రం నికార్సైనది. గ్రూపు దశలో తమను 2-0తో ఓడించిన దక్షిణ కొరియానే ఫైనల్లో, లక్షమంది ఎగతాళి మధ్య, 2-1తో ఓడించారు. తలకు కుట్లున్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించాలన్న ఆలోచన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ది. రెండో గోల్ జర్నైల్‌దే.

మరి అరబ్ దేశాలు అప్పుడేం చేస్తున్నాయి? 1963లో బీరూట్‌లో మొదటి అరబ్‌కప్ ఆడుకుంటున్నాయి. ట్యునీసియా గెలిచింది. స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లయిన కువైట్ లెబనాన్ చేతిలో 6-0తో ఓడింది. అదే కువైట్ 1980లో ఆసియా విజేత, 1982లో ప్రపంచకప్ జట్టు. పదిహేడేళ్లలో అంత దూరం వెళ్లింది. డబ్బు తోడ్పడింది, నిజమే. కానీ వాళ్లు ఆ డబ్బుతో పైస్థాయి కోచ్‌లను తెచ్చుకున్నారు, ఒకరితో ఒకరు తరచూ ఆడుకున్నారు. రహీమ్ 1963 జూన్‌లో కేన్సర్‌తో పోయాక ఆ లోటు మనకు తీరనే లేదు.

మనకు మళ్లీ ఆసియాకప్‌లో చోటు దక్కింది 1984లో, అదీ కోల్‌కతా గడ్డ మీదే. అక్టోబరులో సాల్ట్‌లేక్‌లో ఉత్తర యెమెన్ కూడా ఉన్న క్వాలిఫయింగ్ గ్రూపులో దక్షిణ కొరియా తర్వాత రెండో స్థానంలో నిలిచాం. డిసెంబరులో సింగపూర్‌లో అసలు టోర్నీకి వెళితే, ఏర్పడి పదమూడేళ్లయిన యూఏఈ మనల్ని 2-0తో ఓడించింది. అక్కడ ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయాం.

అపోహ: ఆనాటి భారత జట్టంటే బెంగాల్ జట్టే.

కెప్టెన్లు చాలాసార్లు కోల్‌కతా క్లబ్బులవాళ్లే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన జట్టుకు మోహన్ బగాన్‌కు చెందిన సమర్ బెనర్జీ నాయకుడు. కానీ ఆ జట్టుకు కోచ్ రహీమే, ఆడినవాళ్లలో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ హైదరాబాద్, సికింద్రాబాద్‌లవాళ్లు. అమ్ముగూడలో పుట్టిన బలరామ్ ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలోనే ఉండిపోయి, 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో చనిపోయాడు. ఆయన్ని బెంగాలీలు తమవాడనుకున్నారు. మనం మనవాడని గుర్తుపెట్టుకోలేదు, నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

అపోహ: ఇక అరబ్ జట్లను మనం ఎన్నటికీ గెలవలేం.

2019 సెప్టెంబరులో అప్పటి ఆసియా విజేత ఖతార్‌ను దోహాలో 0-0తో నిలువరించాం. 2023 జులైలో బెంగళూరులో దక్షిణాసియా (శాఫ్) చాంపియన్‌షిప్ ఫైనల్లో కువైట్‌ను పెనాల్టీల్లో, నవంబరులో వాళ్ల సొంతగడ్డపైనే 1-0తో ఓడించాం.

అపోహ: 2024లో దోహాలో రిఫరీ ఇచ్చిన గోలే మన ప్రపంచకప్ ఆశను చంపేసింది.

జూన్ 11న ఖతార్‌తో మ్యాచ్‌లో బంతి గీత దాటాక వాళ్లు వెనక్కి లాగి కొట్టిన గోల్‌ను ఇవ్వడం అన్యాయం, సందేహం లేదు. అప్పటికి మనం 1-0తో ముందున్నాం, గెలిస్తే క్వాలిఫయింగ్ మూడో రౌండుకు వెళ్లేవాళ్లం. అయితే మార్చి 26న గువాహటిలో అఫ్గానిస్థాన్ చేతిలో 1-2తో ఓడింది మనమే. జూన్ 6న సాల్ట్‌లేక్‌లో, కెప్టెన్ సునీల్ ఛెత్రీకి అప్పట్లో వీడ్కోలు మ్యాచ్‌గా జరిగిన ఆటలో, స్టేడియం నిండా జనం ఉండగా కువైట్‌పై ఒక్క గోల్ కొట్టలేకపోయిందీ మనమే. సొంతగడ్డ మీది ఆ రెండు మ్యాచ్‌లలో ఆరు పాయింట్లకు మనకు దక్కింది ఒక్కటి. చివరి రోజు అఫ్గానిస్థాన్‌ను ఓడించి గ్రూపులో రెండో స్థానం పట్టుకెళ్లింది కువైట్.